స్కాన్‌లో పీసీఓడీ అన్నారు, మరి ఈ నొప్పి ఎందుకు?

నయీంనగర్ హాస్టల్
(ఆదివారం, రాత్రి 10:52)

అందరికీ నమస్కారం. నాకు 22 ఏళ్లు, హన్మకొండలో ఎమ్మెస్సీ చదువుతున్నాను. మా ఊరు పరకాల వైపు. నెలసరి నొప్పి గురించి అడగాలి. మగవాళ్లు చదివినా నాకు అభ్యంతరం లేదు, వెటకారాలు మాత్రం వద్దు.

13 ఏళ్లకు పెద్దమనిషినయ్యాను. ఇంటర్‌కు వచ్చేసరికి నొప్పి ముదిరింది. డేట్ మాత్రం తప్పదు, 27 నుంచి 29 రోజుల్లో వచ్చేస్తుంది. రావడానికి రెండు రోజుల ముందే పొత్తికడుపులో మొదలై నడుముకు, తొడలకు దిగుతుంది. మొదటి రోజు వాంతులు. రూపాయి బిళ్ల కంటే పెద్ద గడ్డలు పడతాయి. రెండు గంటలకోసారి ప్యాడ్ మార్చాలి, రాత్రిళ్లు అలారం పెట్టుకుని మరీ లేస్తాను. ఆ రోజుల్లో ల్యాబ్ ఉంటే బ్యూరెట్ స్టాండు పట్టుకుని నిలబడతాను, రీడింగులు పక్కమ్మాయి రాస్తుంది. ఇంకొకటి, ఆ మూడు రోజులు మోషన్‌కు వెళ్లాలంటే లోపల కోసినట్టు నొప్పి. దీని గురించి ఇంతవరకు ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

ఊళ్లో ఆర్‌ఎంపీ ఇంజెక్షన్ ఇస్తే ఆ పూటకు హాయి. డిగ్రీ మొదటి సంవత్సరంలో, 18 ఏళ్లప్పుడు, ఒక మేడమ్ స్కాన్ తీయించి పీసీఓడీ, అంటే అండాశయాల్లో నీటిబుడగలు, అన్నారు. బరువు తగ్గమన్నారు. నా బరువు 49 కిలోలు! షుగరుకు వాడే మాత్ర కూడా రాశారు. ఈ ఏడాది ఇంకొక చోట స్కాన్ తీస్తే అంతా నార్మల్, టెన్షన్ తగ్గించుకో అని పంపేశారు. రెండు రిపోర్టులూ ఒకే ప్లాస్టిక్ కవర్లో పక్కపక్కనే ఉన్నాయి. ఏది నమ్మాలి? అసలు నాకున్నది ఏమిటి?

---

కాజీపేట జంక్షన్
(ఆదివారం, రాత్రి 11:20)

చెల్లీ, నీ పోస్టు చదువుతుంటే నా డైరీ ఎవరో ఎత్తుకెళ్లి ఇక్కడ పెట్టారేమో అనిపించింది. నాకు 36. కాలేజీ రోజుల్లో ఇదే కథ. పెళ్లయితే తగ్గుతుందన్నారు. పెళ్లయింది, తగ్గలేదు. ఒక కాన్పు అయితే తగ్గుతుందన్నారు. ఆ కాన్పు కోసమే హైదరాబాద్ తిరుగుతుంటే అప్పుడు బయటపడింది, ఎండోమెట్రియోసిస్ అని, గర్భసంచి పొరలాంటిది బయట పెరిగే జబ్బు. నొప్పి అని చెప్పుకున్నన్నాళ్లూ ఎవరికీ పట్టలేదు. పిల్లలు పుట్టడం లేదనేసరికి అందరూ కదిలారు. నాకు కోపం అక్కడే వస్తుంది.

మోషన్ నొప్పి సంగతి తప్పకుండా చెప్పు. మా డాక్టరమ్మ మొట్టమొదట అడిగిన ప్రశ్న అదే.

---

వాము కషాయం
(సోమవారం, ఉదయం 6:05)

అమ్మాయీ, మా రోజుల్లో ఈ స్కాన్లు ఎక్కడివి. వాము, శొంఠి మరిగించి బెల్లం వేసి తాగేవాళ్లం. నువ్వుల ఉండలు తినేవాళ్లం. ఇప్పటి పిల్లలు చల్లటి నీళ్లు, బేకరీ తిండి, రాత్రంతా ఫోను. వేడినీళ్ల సంచి పెట్టుకో తల్లీ, హాయిగా ఉంటుంది. నిజానికి మా పెద్దమ్మాయికి కూడా పెళ్లయ్యాకే సర్దుకుంది. ఊరికే డాక్టర్ల చుట్టూ తిరిగితే ఒకరు ఒకటి, ఇంకొకరు ఇంకొకటి అంటారు.

---

జమ్మికుంట సిస్టర్
(సోమవారం, ఉదయం 7:40)

అమ్మా, వేడినీళ్ల సంచి మాట నూటికి నూరు పాళ్లు నిజం, నేనూ చెబుతాను. వేడి కాపడంతో కండరాల బిగువు తగ్గుతుంది. కషాయం తాగితే నష్టం లేదు. పెళ్లి మాత్రం మందు కాదు. మీ అమ్మాయికి తగ్గినందుకు సంతోషమే. అలాగే తగ్గుతుందని ఆగి ఆగి, అండాశయంలో పెద్ద సిస్టుతో ఆపరేషన్ టేబుల్ ఎక్కినవాళ్లను మా వార్డులో చూస్తూనే ఉంటాను.

నయీంనగర్ చెల్లీ, నొప్పికి ఏ మాత్ర వేసుకుంటున్నావు? ఎప్పుడు వేసుకుంటున్నావు?

---

నయీంనగర్ హాస్టల్
(సోమవారం, మధ్యాహ్నం 1:15)

మెఫెనమిక్ యాసిడ్ ఉన్న మాత్ర అక్కా. ఇక భరించలేను అనిపించినప్పుడు వేసుకుంటాను. ఎక్కువ వేసుకుంటే గర్భసంచి పాడవుతుందని మా రూమ్మేట్ అంటుంది. అప్పటికే వాంతులు మొదలవుతాయి కాబట్టి సగం సార్లు బయటికే వచ్చేస్తుంది.

---

జమ్మికుంట సిస్టర్
(సోమవారం, మధ్యాహ్నం 2:02)

గర్భసంచి పాడవుతుందన్నది వట్టి అపోహ. ఇబ్బంది పెట్టేది కడుపును, కిడ్నీలను. అందుకే ఏదైనా తిన్నాకే వేసుకోవాలి. అల్సర్, ఆస్తమా, కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు డాక్టరును అడగకుండా ముట్టకూడదు. నొప్పి పుట్టించే ప్రోస్టాగ్లాండిన్లు తయారు కాకుండా ఆపడం ఈ మాత్ర పని. అవి ఒళ్లంతా పాకాక వేసుకుంటే ఏం లాభం? నొప్పి మొదలవుతోంది అనగానే వేసుకోవాలి, అదీ డాక్టరు చెప్పిన మోతాదులో, రెండు మూడు రోజులే.

మరొక జాగ్రత్త. మెఫెనమిక్ యాసిడ్‌తో అరుదుగా తీవ్రమైన అలర్జీ రావచ్చని 2023 నవంబర్ 30న ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ హెచ్చరిక ఇచ్చింది. భయపడి మానేయమని దాని అర్థం కాదు. మాత్ర వాడాక జ్వరం, ఒంటిపై దద్దుర్లు, ముఖం వాపు వస్తే ఆపేసి ఆసుపత్రికి వెళ్లాలి. కొన్ని వారాల తర్వాత వచ్చినా సరే.

---

గైనిక్ పీజీ
(సోమవారం, రాత్రి 11:48)

డ్యూటీ ఇప్పుడే అయింది, నిద్ర ఆపుకుని రాస్తున్నాను. చూడకుండా రోగం పేరు చెప్పను. కానీ రెండు రిపోర్టుల తికమక విడదీయగలను.

పీసీఓఎస్ (పీసీఓడీ అన్నా ఇదే) అనాలంటే మూడు లక్షణాల్లో కనీసం రెండు ఉండాలి. ఇవి 2003 నుంచి వాడుకలో ఉన్న రోటర్‌డామ్ ప్రమాణాలు. నెలసరి క్రమం తప్పడం ఒకటి. మగ హార్మోన్లు ఎక్కువ కావడం రెండు: రక్తపరీక్షలో తేలినా సరే, గడ్డం మీద వెంట్రుకలు, మొండి మొటిమల రూపంలో కనిపించినా సరే. అండాశయాలు స్కాన్‌లో చిన్న చిన్న బుడగలతో నిండి కనిపించడం మూడు. మీ నెలసరి గడియారం పెట్టినట్టు వస్తోంది. రెండోది కూడా లేకపోతే స్కాన్ ఒక్కదానితో ఆ పేరు పెట్టడం కుదరదు. పైగా 2023లో వచ్చిన అంతర్జాతీయ మార్గదర్శకాలు రజస్వల అయిన ఎనిమిదేళ్ల లోపు పీసీఓఎస్ నిర్ధారణకు స్కాన్‌ను వాడవద్దనే చెబుతున్నాయి. ఆ వయసులో ఆరోగ్యంగా ఉన్న అమ్మాయిల అండాశయాల్లోనూ చిన్న చిన్న ఫాలికిల్స్ (అండాలు పెరిగే బుడగలు) బోలెడు కనిపిస్తాయి. మీకు మొదటి స్కాన్ తీసింది 18లో. లెక్క మీరే వేసుకోండి.

అసలు విషయం, పీసీఓఎస్ ఉన్నా సరే, మీరు చెప్పిన నొప్పికి అది మామూలుగా కారణం కాదు. అందుకే 'పీసీఓడీ ఉందా లేదా' అని అడగకండి. 'నా నొప్పికి కారణం ఏమిటి' అని అడగండి.

నెలసరికి ముందే మొదలయ్యే నొప్పి, ఏటికేడు పెరగడం, మోషన్‌కు వెళ్తే నొప్పి అనగానే ఎండోమెట్రియోసిస్ గురించి ఆలోచించాలి. గర్భసంచి లోపలి పొరలాంటి కణజాలం బయట, అంటే అండాశయాల మీద, పేగుల మీద, గర్భసంచి వెనక పెరుగుతుంది. ప్రతినెలా అక్కడ కూడా వాపు, రక్తస్రావం. కొన్నాళ్లకు అవయవాలు ఒకదానికొకటి అతుక్కుంటాయి. పునరుత్పత్తి వయసు మహిళల్లో సుమారు 10 శాతం మందికి ఉంటుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ప్రపంచం మొత్తం మీద 19 కోట్ల మంది. అరుదైన జబ్బేమీ కాదు.

దీని పొరలు పలుచగా ఉన్నప్పుడు మామూలు స్కాన్‌లో కనిపించవు. కాబట్టి స్కాన్ నార్మల్ అంటే జబ్బు లేదని తేలినట్టు కాదు. ఇంకా కొన్ని చూడాలి: అడినోమయోసిస్ (గర్భసంచి పొర దాని కండరంలోకే పాకడం), పుట్టుకతో గర్భసంచి నిర్మాణంలో లోపం, ఫైబ్రాయిడ్లు (గర్భసంచిలో గడ్డలు), ఇన్ఫెక్షన్లు. మన దేశంలో జననాంగాల క్షయను కూడా మరచిపోకూడదు.

ఎవరైనా సీఏ-125 రక్తపరీక్షతో తేల్చేస్తామంటే ఒప్పుకోకండి. ఎండోమెట్రియోసిస్ నిర్ధారణకు దాన్ని వాడవద్దని యూరప్ నిపుణుల సంఘం 2022 మార్గదర్శకాలు స్పష్టంగా చెప్పాయి.

---

ఎనుమాముల మిర్చి
(మంగళవారం, ఉదయం 9:30)

నేను మగవాణ్ణే, మా చెల్లి విషయం కాబట్టి రాస్తున్నాను. తనకు నొప్పి ఓ మాదిరి, బ్లీడింగ్ మాత్రం మొదటిసారి నుంచే విపరీతం. రక్తం ఎక్కించాల్సి వచ్చింది. అందరూ గర్భసంచి చుట్టూనే తిరిగారు. చివరికి ఒక పెద్దాయన మాత్రం చిన్నప్పుడు ముక్కులోంచి రక్తం కారేదా, పన్ను పీకినప్పుడు ఆగిందా అని అడిగారు. పన్ను పీకిన రోజు రాత్రంతా దిండు తడిసిన సంగతి మా అమ్మకు అప్పుడు గుర్తొచ్చింది. పరీక్షిస్తే రక్తం గడ్డకట్టడంలో లోపం, వాన్ విల్లెబ్రాండ్ అంటారట. గర్భసంచిలో ఏ దోషమూ లేదు.

---

గైనిక్ పీజీ
(మంగళవారం, మధ్యాహ్నం 3:10)

మంచి మాట గుర్తు చేశారు అన్నా. రజస్వల నాటి నుంచే అధిక రక్తస్రావం ఉంటే ఇది తప్పకుండా అడగాలి. కొంచెం తగిలినా నల్లగా కమిలిపోవడం, కుటుంబంలో ఇంకెవరికైనా ఇలా ఉండటం కూడా. ఇలాంటివాళ్లు మెఫెనమిక్, ఆస్పిరిన్ లాంటివి సొంతంగా వాడకూడదు, రక్తస్రావం ఇంకా ఎక్కువవుతుంది.

నయీంనగర్ గారూ, మీకు హిమోగ్లోబిన్, ఫెరిటిన్, టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష) ఎప్పుడైనా చూశారా?

---

నయీంనగర్ హాస్టల్
(మంగళవారం, రాత్రి 8:25)

ముక్కు రక్తం లాంటివి ఏవీ లేవు సార్ లేదా మేడమ్. హిమోగ్లోబిన్ కాలేజీ క్యాంపులో 9.4 వచ్చింది, ఆకుకూరలు తినమన్నారు. ఫెరిటిన్ పేరే ఇప్పుడు వింటున్నాను. గడ్డం మీద వెంట్రుకలు, మొటిమలు లేవు.

స్కాన్ గురించి ఒక సందేహం. రెండుసార్లూ పొట్ట మీద నుంచే తీశారు. మొన్నటిసారి నెలసరి రెండో రోజు. లీటరు నీళ్లు తాగి మూత్రం ఆపుకుని కూర్చోమన్నారు. నా టోకెన్ కంటే ముందు గర్భిణులు వరసగా ఉన్నారు. ఆ నొప్పి, ఈ ఒత్తిడి, మధ్యలో వాంతి. నిండిన మూత్రాశయంతో బల్లెక్కితే ఆమె అయిదు నిమిషాల్లో ముగించారు. లోపలి నుంచి తీస్తే బాగా కనిపిస్తుందని ఎక్కడో చదివి అడిగితే, పెళ్లి కాలేదు కదా అని నవ్వారు.

---

గైనిక్ పీజీ
(మంగళవారం, రాత్రి 11:15)

మేడమ్.

లోపలి స్కాన్‌లో ఎక్కువ తెలుస్తుందన్నది నిజమే. శారీరక సంబంధం లేని అమ్మాయిలకు సాధారణంగా చేయరు. అంతటితో దారి మూసుకుపోదు. అవసరమైతే, మీరు ఒప్పుకుంటే, మలద్వారం నుంచి స్కాన్ చేయవచ్చు. లేదా పెల్విస్ ఎంఆర్ఐ తీయవచ్చు. లోతుగా పాకిన ఎండోమెట్రియోసిస్, అడినోమయోసిస్, పుట్టుకతో వచ్చిన లోపాలు ఎంఆర్ఐలో బాగా తెలుస్తాయి. కడుపు కోయకుండా చిన్న రంధ్రాలతో చూసే ల్యాప్రోస్కోపీ చేస్తేనే నిర్ధారణ అన్నది పాత మాట. ఇప్పుడు లక్షణాలు, పరీక్షల ఆధారంగానే మందులు మొదలుపెట్టవచ్చు.

ఫెరిటిన్ అంటే ఒంట్లో నిల్వ ఉన్న ఐరన్. ఆడవాళ్లకు హిమోగ్లోబిన్ 12 కంటే తక్కువైతే రక్తహీనతే. 9.4కు గోంగూర పప్పు సరిపోదు, మందు కావాలి.

---

సుబేదారి టీచర్
(బుధవారం, ఉదయం 6:50)

మా విద్యార్థినులకు నేను చెప్పేది ఒకటే: డాక్టరు దగ్గరికి ఖాళీ చేతులతో వెళ్లకండి. ఒక చిన్న నోట్‌బుక్‌లో తేదీ, ఆ రోజు నొప్పి పదికి ఎంత, ఎన్ని ప్యాడ్లు, ఏ మాత్ర, ఎన్ని గంటలు పనిచేసింది, ఏ క్లాసు పోయింది రాయండి. 'చాలా నొప్పి మేడమ్' అంటే ఒక చెవితో వింటారు. 'మూడు నెలల్లో నాలుగు ప్రాక్టికల్స్ పోయాయి, రాత్రికి మూడుసార్లు లేచాను' అంటే పెన్ను పక్కన పెట్టి తలెత్తి చూస్తారు. బయట వరసలో వందమంది ఉన్నప్పుడు మనకు దొరికే అయిదు నిమిషాలకు ఆ కాగితమే దిక్కు.

డబ్బు ఇబ్బంది ఉంటే, ఆడవాళ్ల కోసం ఆరోగ్య మహిళ అనే కార్యక్రమాన్ని 2023 మార్చి 8న కరీంనగర్‌లో మొదలుపెట్టారు. మంగళవారం క్లినిక్‌లు, నెలసరి సమస్యలు కూడా అందులో ఉన్నాయి. మీ దగ్గరి ఆరోగ్య కేంద్రంలో ఇప్పుడు ఏ రోజు చూస్తున్నారో ఆశ కార్యకర్తను అడగండి. హన్మకొండ ప్రసూతి ఆసుపత్రి, వరంగల్ సీకేఎం రెండూ ప్రభుత్వానివే. పేరులో ప్రసూతి ఉందని కాన్పులకే అనుకుంటారు చాలామంది.

---

నయీంనగర్ హాస్టల్
(శనివారం, రాత్రి 9:40)

ఇంటికి వచ్చాను. అమ్మకు అంతా చదివి వినిపించాను. డాక్టరు దగ్గరికి రావడానికి ఒప్పుకుంది. కానీ హార్మోన్ మాత్రలు ఇస్తారేమో అనగానే ముఖం మారిపోయింది. "పెళ్లి కాని పిల్లకు గర్భం రాకుండా వేసే మాత్రలా? మందుల షాపువాడు ఏమనుకుంటాడు? రేపు సంబంధం వస్తే?" అంటోంది. నాన్నకు చెప్పొద్దంది. వాళ్లు ఇంకా రాయనే లేదు, మా ఇంట్లో అప్పుడే యుద్ధం మొదలైంది.

---

కాజీపేట జంక్షన్
(శనివారం, రాత్రి 10:10)

అమ్మ భయం నాకు అర్థమవుతుంది, మా అమ్మదీ అదే. పరకాల మందుల షాపులో కొనకు, హన్మకొండ చౌరస్తాలో కొనుక్కో. అక్కడ నీ ముఖం చూసే తీరిక ఎవరికీ ఉండదు. ఇక సంబంధం అంటావా, ఈ నొప్పి దాచి పెళ్లి చేస్తే తర్వాత వచ్చే మాటలు నేను పడ్డాను. మాత్ర గురించి వచ్చే మాటలు వాటి ముందు ఎంత?

---

వాము కషాయం
(ఆదివారం, ఉదయం 5:55)

ఆ మాత్రలు వాడితే తర్వాత పిల్లలు పుట్టరంటారు కదా? నేను తప్పు పట్టడం లేదు, తెలియక అడుగుతున్నాను.

---

గైనిక్ పీజీ
(ఆదివారం, మధ్యాహ్నం 12:30)

మంచి ప్రశ్న అమ్మా. పుట్టరన్నది నిజం కాదు. మాత్రలు ఆపాక అండం విడుదల మళ్లీ మొదలవుతుంది. జబ్బును వదిలేస్తేనే అండాశయాలకు, ట్యూబులకు నష్టం జరిగే అవకాశం ఉంది.

ఇందులో రెండు రకాలున్నాయి. రెండు హార్మోన్లు కలిపిన గర్భనిరోధక మాత్ర ఒకటి. డైనోజెస్ట్ లాంటి ఒకే హార్మోన్ మాత్ర ఇంకొకటి, ఇది ఎండోమెట్రియోసిస్ మందు. మొదటి రకం రాసే ముందు బీపీ, కళ్ల ముందు మెరుపులతో వచ్చే మైగ్రేన్, కుటుంబంలో రక్తనాళాల్లో గడ్డలు కట్టిన చరిత్ర అడగాలి. అడగకపోతే మీరే చెప్పండి. డైనోజెస్ట్‌తో మొదటి కొన్ని నెలలు అడపాదడపా మరకలు కనిపిస్తాయి. అది చూసి చాలామంది మధ్యలో మానేస్తారు. మనసు బాగా దిగులుగా మారితే మాత్రం డాక్టరుకు వెంటనే చెప్పాలి.

ఈ చర్చ చదివే అందరికీ: ఉన్నట్టుండి ఒక పక్క భరించలేని నొప్పి, స్పృహ తప్పడం, జ్వరంతో నొప్పి, గంటకో ప్యాడ్ తడవడం, గర్భం ఉందేమో అన్న అనుమానంతో పాటు నొప్పి, వీటిలో ఏది ఉన్నా ఇక్కడ పోస్టు రాస్తూ కూర్చోవద్దు. వరంగల్ ఎంజీఎం ఆసుపత్రి క్యాజువాలిటీకైనా, దగ్గరలో ఏదుంటే దానికైనా వెళ్లండి.

---

నయీంనగర్ హాస్టల్
(అయిదు వారాల తర్వాత, రాత్రి 9:05)

ఆలస్యమైంది, సెమిస్టర్ పరీక్షలు. నోట్‌బుక్ తీసుకుని వెళ్లాను. మేడమ్ పేజీలు తిప్పి, మోషన్ నొప్పి అని రాసిన చోట వేలు పెట్టి ఆగారు. "ఇది ఎన్నాళ్ల నుంచి?" అన్నారు. ఆ తర్వాత అరగంట మాట్లాడారు. అమ్మను కాసేపు బయట కూర్చోబెట్టి నాతో విడిగా కూడా మాట్లాడారు.

ఎంఆర్ఐలో ఎడమ అండాశయంలో 2.6 సెంటీమీటర్ల చాక్లెట్ సిస్టు (పాత రక్తంతో నిండిన సంచి). గర్భసంచి వెనక కొంచెం అతుకులు ఉన్నట్టు అనుమానం అని రాశారు. ఎండోమెట్రియోసిస్ అనే చెప్పారు. పీసీఓడీ కొట్టేశారు. ఫెరిటిన్ 7. ఆపరేషన్ ఇప్పుడే వద్దు, మాత్రలతో చూసి మూడు నెలలకు రమ్మన్నారు. డైనోజెస్ట్, ఐరన్ రాశారు.

బయటికి వచ్చాక ఏడ్చాను. భయంతో మాత్రం కాదు. ఇన్నేళ్లూ నేను నటిస్తున్నానని అనుకున్నవాళ్ల ముఖాలు వరసగా గుర్తొచ్చాయి. అమ్మ బస్సులో ఏమీ మాట్లాడలేదు, పరకాలలో దిగాక తనే వెళ్లి మాత్రలు కొంది. అదే షాపులో! నాన్నకు కూడా తనే చెప్పింది. 'గర్భసంచి పుండుకు మందు' అని చెప్పిందట, ప్రస్తుతానికి అలాగే ఉండనిచ్చాను.

మాత్రలు మొదలుపెట్టి మూడు వారాలు. మరకలు కనిపిస్తున్నాయి, పీజీ మేడమ్ ముందే చెప్పారు కాబట్టి కంగారు పడలేదు. నొప్పి సంగతి ఇప్పుడే చెప్పలేను.

---

కాజీపేట జంక్షన్
(రాత్రి 9:30)

మందుల షాపు దగ్గర మీ అమ్మకు నా దండం. రేపు ఎప్పుడైనా ఆపరేషన్ మాట వస్తే ఆసుపత్రిలో ఆరోగ్యశ్రీ పనులు చూసే ఆరోగ్యమిత్రను కలువు. ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబరులో 10 లక్షలకు పెంచారు. నీకు రాసిన చికిత్స అందులో వస్తుందో లేదో చేరకముందే అడుగు, చేరాక కాదు.

---

జమ్మికుంట సిస్టర్
(రాత్రి 10:15)

ఐరన్ మాత్ర టీతో, పాలతో వేసుకోవద్దు, ఒంటికి పట్టదు. నిమ్మరసంతో వేసుకో. మోషన్ నల్లగా వస్తుంది, భయపడకు. మలబద్ధకం వస్తే మాత్రం ఊరుకోకు, నీకు అసలే అక్కడ నొప్పి. మేడమ్‌కు ఫోన్ చేసి మాత్ర మార్పించుకో. హిమోగ్లోబిన్ పెరిగిందని వెంటనే ఆపేయకు, నిల్వలు నిండేదాకా వాడాలి.

---

నయీంనగర్ హాస్టల్
(రాత్రి 10:40)

సరే అక్కా. మా మెస్‌లో పొద్దున్నే టీ ఇచ్చేస్తారు, ఆలస్యమైతే గిన్నె ఖాళీ. మాత్రను సాయంత్రానికి మార్చుకుంటాను. నిమ్మకాయలు వార్డెన్‌ను అడగాలి, ఆమె లెక్క పెట్టి ఇస్తుంది.